ఆపరేషన్ అయిన ఆడకుక్కకి మళ్ళీ రక్తం చుక్కలు: ఎదకొచ్చినట్టా, వేరే జబ్బా?

కాలవగట్టు (పాలకొల్లు దగ్గర)

నమస్కారం అండి. మా ఆడకుక్కకి నాలుగేళ్ళు, నాటుజాతి, బరువు 16 కిలోలు. పిల్లలు పుట్టకుండా కిందటేడాది ఆపరేషన్ చేయించాం. గర్భసంచి, రెండు అండాశయాలు తీసేశామని కాగితంలో రాసిచ్చారు. ఇప్పుడు మూడు రోజులుగా పడుకున్నచోట గచ్చు మీద రక్తం చుక్కలు కనిపిస్తున్నాయి. వెనకభాగం తెగ నాక్కుంటోంది. గేటు బయట రెండు మగకుక్కలు పొద్దస్తమానం కాపు కాస్తున్నాయి. తిండి మామూలుగానే తింటోంది, కాస్త మందకొడిగా ఉందేమో అనిపిస్తోంది.

మాది చేల పక్క ఇల్లు. చుట్టుపక్కల దాళ్వా చేలల్లో ఎలుకల మందు పెట్టారు. ఒంటి మీద పిడుదులు కూడా అప్పుడప్పుడు దొరుకుతుంటాయి. "ఆపరేషన్ ఫెయిలయింది, ఎద ఆగడానికి ఒక ఇంజెక్షన్ ఉంది, వేయించెయ్యండి" అని ఒకరు సలహా ఇచ్చారు. వేయించవచ్చా? అసలు ముందు ఏ పరీక్ష చేయించాలి?

మూగజీవి వైద్యం (రాజమండ్రి)

ఆ ఇంజెక్షన్ మాత్రం వేయించకండి. ఎద ఆపడానికి వేసేది సాధారణంగా మెడ్రాక్సీ ప్రొజెస్టిరాన్. ఆపరేషన్‌లో గర్భసంచి మొదలు కొద్దిగా లోపల ఉండిపోతుంది. ఆ మొదలుకి ఈ హార్మోను తగిలితే లోపలి పొర మందమై చీము పట్టే వీలుంది. రొమ్ము గడ్డలు, షుగరు కూడా ఈ మందుతో రావచ్చు. ఇంకో నష్టం, లక్షణాలు అణిగిపోతే మనకి పరీక్ష చేసుకునే అదను పోతుంది. ఇప్పుడు ఆ లక్షణాలే మనకి ఆధారం.

ఇక అసలు విషయం. ఆడకుక్క ఎదలో కారే రక్తం గర్భసంచి లోపలి పొర నుంచి వస్తుంది. గర్భసంచి తీసేసిన కుక్కలో అండాశయం ముక్క మిగిలిపోయి మళ్ళీ ఎదకొచ్చినా రక్తం పెద్దగా కారదు, మొదలు భాగం నుంచి ఏవో నాలుగు చుక్కలు రావచ్చు. కానీ మానం (యోని బయటి భాగం) వాస్తుంది, మగకుక్కలు వెంటపడతాయి, నడుము దగ్గర చెయ్యి పెడితే తోక పక్కకి తిప్పి నిలబడుతుంది. అంటే వాపు, మగకుక్కలు, తోక తిప్పడం ఉండి రక్తం కొంచెమే అయితే హార్మోను వైపు చూడాలి. రక్తం ధారగా ఉండి వాపు లేకపోతే ఎద మాట పక్కన పెట్టి మూత్రాశయం, యోనిలో గడ్డ, రక్తం గడ్డకట్టకపోవడం, ఈ మూడిటి వైపు చూడాలి.

మగకుక్కలు తిరుగుతున్నాయన్న ఒక్క గుర్తుని పట్టుకుని ఎద అని తేల్చేయకండి. యోనిలో ఇన్ఫెక్షన్ ఉన్నా, మూత్రంలో చీము ఉన్నా ఆ వాసనకి కూడా మగకుక్కలు వస్తాయి.

ఈ రాత్రికి ఇంట్లో చూడాల్సినవి ఇవీ. పైపెదవి ఎత్తి చిగురు మీద వేలితో నొక్కి వదలండి, తెల్లబడిన చోట రెండు సెకన్ల లోపు మళ్ళీ గులాబీ రంగు రావాలి. చిగురే పాలిపోయి ఉంటే తెల్లారేదాకా ఆగొద్దు. పొట్ట కింద వెంట్రుకలు పల్చగా ఉండే చోట, చెవి లోపలి వైపు, చిగుళ్ళ మీద సూదిమొనంత ఎర్ర చుక్కలు గానీ కమిలిన మచ్చలు గానీ ఉన్నాయేమో టార్చి వేసి చూడండి. మలద్వారంలో థర్మామీటరు పెడితే 101 నుంచి 102.5 ఫారెన్‌హీట్ మామూలు, 103 దాటితే జ్వరం. మానం వాచిందా లేదా అన్నది మీ కంటికే తెలుస్తుంది, ఎందుకంటే ఆపరేషన్ అయిన కుక్కకి అది చిన్నగా ముడుచుకుని ఉంటుంది. వాచినప్పుడు స్పష్టంగా ఉబ్బి కిందికి జారినట్టు కనిపిస్తుంది.

ఇంకోటి. పొద్దున్న మొదటి మూత్రం వెడల్పాటి గిన్నెలో పట్టి సన్నటి గాజుసీసాలో పోసి కదపకుండా ఒక గంట ఉంచండి. ఎరుపు అడుగుకి దిగి పైన పసుపు తేరితే అది రక్తకణాలు, మూత్రాశయంలోనో దారిలోనో కారుతోందన్నమాట. ఎంతసేపున్నా మొత్తం ఎర్రగానో కాఫీ రంగులోనో ఉండిపోతే రక్తకణాలు ఒంట్లోనే పగిలిపోతున్నాయని అర్థం, పిడుదుల వల్ల వచ్చే బబీసియా అలా చేస్తుంది. మూత్రం మామూలుగా ఉండి, పోయనప్పుడు మాత్రమే చుక్కలు పడుతుంటే రక్తం యోని నుంచి వస్తోందని అనుకోవచ్చు.

లంకగ్రామం పశువైద్యం (కోనసీమ)

పైన చెప్పినదంతా సరైనదేనండి. కానీ మన డెల్టాలో నేను ముందు ఎలుకల మందు, పిడుదుల జ్వరం లేవని తేల్చుకోమంటాను. అండాశయం ముక్క ఉంటే వారం ఆగినా కుక్కకి ఏమీ కాదు. ఈ రెండూ వారం ఆగవు.

చేలల్లో వాడేది ఎక్కువగా బ్రోమాడయోలోన్. 96 పాళ్ళు నూకలు, 2 పాళ్ళు నూనె, 2 పాళ్ళు 0.25 శాతం పొడి కలిపి పొట్లాలు కట్టి కన్నాల్లో పెడతారు. అలా కలిపాక ఎరలో మందు 0.005 శాతం. కుక్క ఒక పొట్లం తినడం కన్నా అసలు పొడి ప్యాకెట్టు కొరకడం చాలా ప్రమాదం, అది ఎర కన్నా 50 రెట్లు గాఢం. నూనె వాసన వల్ల కుక్క ఇష్టంగా తింటుంది. మందు తిని చచ్చిన ఎలుకల్ని పదేపదే తిన్నా కొంత చేరుతుంది.

ఈ మందు తిన్న రోజున ఏమీ కనపడదు. రక్తం గడ్డకట్టడానికి కావలసిన పదార్థాలు కొన్ని కాలేయంలో విటమిన్ కె సాయంతో తయారవుతాయి. మందు ఆ విటమిన్‌ని తిరిగి వాడుకోనివ్వదు. ఉన్న నిల్వ అయిపోయాకే రక్తం కారడం మొదలవుతుంది, అంటే మూడు నుంచి ఐదు రోజుల తర్వాత. అందుకే "నిన్న ఏమీ తినలేదండి" అన్న మాట ఇక్కడ పనికిరాదు, కిందటి వారం ఎక్కడ తిరిగిందో గుర్తు తెచ్చుకోవాలి. రక్తం యోని నుంచే రావాలని కూడా లేదు. ముక్కు, చిగుళ్ళు, మలం, ఊపిరితిత్తుల చుట్టూ, ఎక్కడైనా రావచ్చు. రొప్పు గానీ దగ్గు గానీ ఉంటే అది ఛాతీలోకి కారుతున్న సూచన.

విరుగుడు విటమిన్ కె1, అంటే ఫైటోమెనాడియోన్. రోజుకి కిలో బరువుకి 2.5 నుంచి 5 మిల్లీగ్రాములు. మీ 16 కిలోల కుక్కకి రోజుకి 40 నుంచి 80 మిల్లీగ్రాములు, రెండు పూటలుగా, కొంచెం కొవ్వున్న తిండితో. బ్రోమాడయోలోన్ ఒంట్లో చాలాకాలం ఉంటుంది కాబట్టి మూడు నాలుగు వారాలు ఆపకుండా ఇవ్వాలి. ఆఖరి మోతాదు తర్వాత 48 నుంచి 72 గంటలకి పీటీ పరీక్ష (రక్తం గడ్డకట్టడానికి ఎన్ని సెకన్లు పడుతుందో చూసేది) మళ్ళీ చేయించాలి. ఇక్కడ రెండు పొరపాట్లు జరుగుతుంటాయి. ఒకటి, మందుల షాపులో కె3 ఇస్తారు, అది ఈ విషానికి పనిచేయదు, చీటీ మీద కె1 అని స్పష్టంగా రాయించుకోండి. రెండోది, నాలుగు రోజుల్లో కుక్క గెంతుతోంది కదా అని మందు ఆపేస్తారు, వారంలో మళ్ళీ కారుతుంది, ఆ రెండోసారి బతికించడం కష్టమవుతుంది. నరంలోకి కె1 ఎక్కిస్తే తీవ్రమైన రియాక్షన్ రావచ్చు, చర్మం కిందో నోటి ద్వారానో ఇస్తారు.

పిడుదుల జ్వరం సంగతి. దాన్ని తెచ్చే ఎర్లికియా అనే సూక్ష్మజీవి ప్లేట్‌లెట్లని (రక్తం గడ్డకట్టించే కణాలని) తగ్గించడమే కాదు, ఉన్నవాటినీ సరిగా పనిచేయనివ్వదు. అందుకే లెక్క మరీ పడిపోకపోయినా రక్తం కారడం చూస్తుంటాం, ముఖ్యంగా ముక్కు నుంచి. డాక్సీసైక్లిన్ రోజుకి కిలోకి 10 మిల్లీగ్రాముల చొప్పున 28 రోజులు వాడతారు. మాత్ర వేశాక తిండి గానీ నీళ్ళు గానీ పట్టించాలి, లేకపోతే గొంతు కింద గొట్టంలో ఇరుక్కుని పుండు పడుతుంది.

నొప్పికని మనుషుల ఐబుప్రొఫెన్, ఆస్పిరిన్ లాంటివి వేయకండి. ప్లేట్‌లెట్ల పని ఇంకా చెడుతుంది.

ల్యాబ్ బల్ల (భీమవరం)

ల్యాబ్ వైపు నుంచి కొన్ని మాటలు. మనుషుల ల్యాబ్‌లో కుక్క రక్తం పెట్టినప్పుడు మెషిన్ ఇచ్చిన ప్లేట్‌లెట్ల అంకెని ఒక్కటే నమ్మొద్దు. కుక్క ప్లేట్‌లెట్లు గుంపు కట్టుకుంటాయి, మెషిన్ ఆ గుంపుని ఒక కణంగా లెక్కేస్తుంది. అందుకని స్లైడు మీద పూత తీసి, పూత చివరి ఈక భాగంలో గుంపులున్నాయేమో చూసి, ఆ తర్వాత కణాలు ఒకే వరసలో ఉన్న చోట 100 రెట్ల ఆయిల్ కటకం కింద లెక్కపెట్టాలి. ఒక క్షేత్రంలో కనిపించే ఒక్కో ప్లేట్‌లెట్ సుమారు 15,000కి సమానం. సగటున 12 కనిపిస్తే 1,80,000 అన్నమాట, కంగారు లేదు. రెండు మూడే కనిపించి ఈక భాగంలో కూడా గుంపులు లేకపోతే నిజంగా తక్కువే.

పీటీ పరీక్షకి నీలం మూత సిట్రేట్ గొట్టం గీత దాకా నింపాలి. రక్తం 9 పాళ్ళు, సిట్రేట్ 1 పాలు. సగం నింపితే సమయం తప్పుగా ఎక్కువ చూపిస్తుంది. కుక్కకి పీటీ సెకన్లు మామూలుగానే మనిషి కన్నా తక్కువ ఉంటాయి. కాబట్టి మనుషుల కాగితం మీద "నార్మల్" అని వచ్చినది కుక్కకి ఎక్కువ అయ్యుండొచ్చు. ఆరోగ్యంగా ఉన్న ఇంకో కుక్క రక్తం అదే రోజు, అదే మెషిన్ మీద పెట్టి పక్కపక్కన చూడడం మంచి పద్ధతి. ఐఎన్ఆర్ అంకెని వదిలేయండి, అది మనుషుల మందుల కోసం కట్టిన లెక్క.

ఇక యోని స్మియర్, అంటే యోని లోపలి కణాలు తీసి సూక్ష్మదర్శినిలో చూసే పరీక్ష. మగకుక్కలు తిరుగుతున్న ఈ రోజుల్లోనే తీయించండి, లక్షణాలు తగ్గాక తీస్తే ఏమీ తెలియదు. శుభ్రమైన దూదిపుల్లని సెలైన్‌తో తడపాలి. మానం పెదవులు విడదీసి పుల్లని ముందు పైకి, వెన్నెముక వైపు పోనిచ్చి, లోపలికి వెళ్ళాక అడ్డంగా ముందుకి తోయాలి. నేరుగా అడ్డంగా తోస్తే కింద ఉన్న గుంటలో తగిలి కుక్కకి నొప్పి పుడుతుంది, అక్కడి కణాలే వచ్చి స్మియర్ మోసం చేస్తుంది. ఒకసారి తిప్పి బయటికి తీసి స్లైడు మీద దొర్లించాలి. రుద్దకూడదు, రుద్దితే కణాలు చిరుగుతాయి. గాలికి ఆరాక లీష్‌మన్ రంగు వేస్తే చాలు.

ఎద తెచ్చే హార్మోను ఈస్ట్రోజెన్. అది లేని కుక్కలో కణాలు చిన్నగా, గుండ్రంగా, మధ్యలో నిండైన కేంద్రకంతో ఉంటాయి. ఈస్ట్రోజెన్ పనిచేస్తుంటే అవి పెద్దవై, అంచులు కోణాలు తేలి, మడతలు పడి, కేంద్రకం చుక్కంతై చివరికి మాయమవుతుంది. నూటికి 80, 90 ఇలాంటి కణాలే ఉంటే ఒంట్లోకి ఈస్ట్రోజెన్ ఎక్కడి నుంచో వస్తోందన్నమాట, అది ఖాయం. గుండ్రటి కణాల మధ్య తెల్లరక్తకణాలు గుట్టలుగా ఉంటే ఇన్ఫెక్షన్. పెద్ద గుండ్రటి కణాలు విడివిడిగా ఉండి లోపల నీటిబొట్టుల్లాంటి ఖాళీలు వరసగా కనిపిస్తే అది అంటు గడ్డ, దాని గురించి డాక్టరు గారికి వెంటనే చెప్పాలి.

వీధికుక్కల సేవ (కాకినాడ)

ఆ ఆఖరి మాట చాలా ముఖ్యమండి. టీవీటీ అనే ఈ అంటు గడ్డ వీధికుక్కల్లో బాగా కనిపిస్తుంది. ఒక కుక్క కణాలే ఇంకో కుక్క మీద నాటుకుని పెరుగుతాయి. మగకుక్క దాటినప్పుడే (జతకట్టినప్పుడే) కాదు, నాకినా వాసన చూసినా ముక్కుకీ నోటికీ అంటుతుంది. గర్భసంచి తీసేసినంత మాత్రాన యోని ఉండకుండా పోదు కదా, అందుకని ఆపరేషన్ దీన్ని ఆపదు. ఆపరేషన్ అయిన గుర్తుగా చెవి కత్తిరించిన వీధికుక్క రక్తం కారుస్తుంటే "ఆపరేషన్ సరిగా చేయలేదు" అని జనం అనేస్తారు, చూడబోతే లోపల గోబిపువ్వు లాంటి గడ్డ ఉంటుంది. పైకి కనపడకపోవచ్చు, గ్లవ్ వేసుకుని వేలితో తడిమి చూస్తేనే తగులుతుంది. ఎదతో సంబంధం లేకుండా వారాల తరబడి చుక్కలు పడుతుండడం దీని గుర్తు.

మందు విన్‌క్రిస్టిన్, వారానికోసారి నరంలోకి, సాధారణంగా నాలుగు నుంచి ఆరు వారాలు. దాదాపు అన్ని కుక్కలూ నయమవుతాయి, ఇంత మంచి ఫలితం ఉన్న గడ్డ ఇంకోటి లేదనే చెప్పాలి. కానీ ప్రతి ఇంజెక్షన్ ముందు తెల్లరక్తకణాలు లెక్కించాలి, 4,000 కన్నా తగ్గితే ఆ వారం ఆగాలి. నరం బయటికి ఒక్క చుక్క జారినా అక్కడి కండ కుళ్ళిపోతుంది, అందుకే క్యాన్యులా పెట్టి సెలైన్ పోసి చూసుకున్నాకే ఎక్కించాలి. ఇంజెక్షన్ తర్వాత రెండు రోజులు దాని మూత్రం, మలం గ్లవ్స్‌తో తీయండి. ఇంట్లో గర్భిణులుంటే దగ్గరికి రానీయొద్దు. గడ్డ సగం తగ్గగానే మానేస్తే మళ్ళీ పెరుగుతుంది, ఈసారి మందుకి లొంగకపోవచ్చు.

కొబ్బరితోట (అమలాపురం)

మధ్యలో అడుగుతున్నందుకు ఏమీ అనుకోకండి. మా ఆడకుక్కపిల్లకి ఆపరేషన్ అయి ఆరు రోజులయింది. నిన్నటి నుంచి మానం దగ్గర ఎర్రటి నీళ్ళలాంటివి రెండు మూడు చుక్కలు. ఇది కూడా ఇదేనా?

మూగజీవి వైద్యం (రాజమండ్రి)

కాదండి, మీది వేరు. ఆపరేషన్ అయిన మొదటి కొద్దిరోజులు పల్చటి ఎర్రనీరు చుక్కలుగా రావడం మామూలే, గర్భసంచి మొదలుకి వేసిన ముడి దగ్గర మానుతున్నప్పుడు వస్తుంది. వారం దాటాక కొత్తగా ముదురు రక్తం మొదలైతే ముడి చుట్టూ ఇన్ఫెక్షన్ వచ్చి రక్తనాళం తినేసిందేమో చూడాలి. ఈ రెండు వారాలూ గెంతనీయకండి, మెట్లు ఎక్కనీయకండి, మెడకి కోన్ తీయకండి.

పొట్ట బిగిసి ఉబ్బడం, చిగురు పాలిపోవడం, లేచి నిలబడలేకపోవడం, ఈ మూడిట్లో ఒకటి కనిపించినా ఆ క్షణమే బయల్దేరాలి. అండాశయం దగ్గర ముడి జారితే రక్తమంతా పొట్టలోకి పోతుంది, బయటికి చుక్క కూడా రాదు. కాబట్టి బయటికి ఎంత కారిందన్న దాన్ని బట్టి ధైర్యం తెచ్చుకోవద్దు.

ఎదలో ఉండగానే ఆపరేషన్ చేయించి ఉంటే ఇంకో వారం, పది రోజులు మానం వాపు, మగకుక్కలు వెంటపడడం ఉంటాయి. అది మిగిలిన హార్మోను ప్రభావం, దానంతట అదే పోతుంది. ఆ రోజుల్లో దాటనిచ్చారంటే మాత్రం కొత్త కుట్లు తెగుతాయి.

కాలవగట్టు (పాలకొల్లు దగ్గర)

అందరికీ చాలా కృతజ్ఞతలండి. చూసినవి రాస్తున్నాను. చిగుళ్ళు గులాబీ రంగులోనే ఉన్నాయి, మచ్చలేమీ లేవు. జ్వరం 101.8. మూత్రం సీసాలో మామూలు పసుపే. మానం నిజంగానే వాచి ఉంది, నడుము మీద చెయ్యి వేస్తే తోక పక్కకి తిప్పేస్తోంది. పశువుల ఆస్పత్రిలో వేలితో చూశారు, గడ్డ లేదన్నారు. స్లైడు మీద లెక్క చూస్తే ప్లేట్‌లెట్లు రెండు లక్షల పైన, పిడుదుల జ్వరం టెస్టు నెగెటివ్, పీటీ పక్కింటి కుక్కతో సమానంగా ఉంది. యోని స్మియర్‌లో నూటికి 90 కోణాలు తేలిన కణాలే అన్నారు. స్కానింగ్‌లో అండాశయం ఏమీ కనపడలేదట. మరి కనపడనిది ఉందని ఎలా అనుకోవాలి? మళ్ళీ కోసి చూడాలా?

మూగజీవి వైద్యం (రాజమండ్రి)

ముందు ఒక ప్రశ్న అడగాలి. ఇంట్లో ఎవరైనా ముట్లాగిపోయాక వాడే ఈస్ట్రోజెన్ క్రీము గానీ జెల్ గానీ రాసుకుంటున్నారా? రాసుకున్న చేతిని, తొడని కుక్క నాకితే అచ్చం ఇలాగే ఎద లక్షణాలు వస్తాయి, స్మియర్ కూడా ఇలాగే ఉంటుంది. కుక్కకి మూత్రం జారుతోందని ఎస్ట్రియాల్ మాత్రలు ఇస్తున్నా అంతే. ఈ రెండూ లేకపోతే అండాశయం ముక్క మిగిలిందని దాదాపుగా చెప్పొచ్చు.

స్కానింగ్‌లో కనపడకపోవడం వింత కాదు. ఆ ముక్క శనగగింజంత ఉండొచ్చు, కిడ్నీ వెనకాల కొవ్వులో, పేగుల గాలి చాటున ఉంటుంది. కనపడితే ఉన్నట్టే, కనపడకపోతే లేదని మాత్రం కాదు. స్కానింగ్‌తో మనకి ముఖ్యంగా కావలసింది గర్భసంచి మొదలు దగ్గర నీరో చీమో ఉందా అన్నది. అది లేదంటే తొందర లేదు.

ముక్క ఎలా మిగులుతుందంటే, అండాశయాన్ని కిడ్నీ వైపు ఒక గట్టి బంధనం పట్టి ఉంచుతుంది. దాన్ని సరిగా సాగదీసి తెంపితేనే అండాశయం పూర్తిగా పైకి వస్తుంది. పొట్ట మధ్యన కోసినప్పుడు కుడిది ఎక్కువ లోపలికి, ముందుకి ఉంటుంది కాబట్టి దాని ముక్కే ఎక్కువగా మిగులుతుంది. పక్కటెముకల కింద నుంచి కోస్తే అవతలి వైపుది అందడం కష్టం. క్లాంపు అండాశయం మీదుగా పడితే క్లాంపు అవతల ఉన్న కాస్త ముక్క లోపలే ఉండిపోతుంది. కోసేటప్పుడు చిన్న తునక పొట్టలో జారిపడినా చుట్టూ ఉన్న కొవ్వుపొరకి అతుక్కుని రక్తం తెచ్చుకుని బతికేస్తుంది. అప్పుడే తెలియదు, కొన్ని నెలలకో కొన్నేళ్ళకో మళ్ళీ ఎద కనిపిస్తుంది.

మళ్ళీ కోయడానికి ముందు ప్రొజెస్టిరాన్ పరీక్ష. ఎద లక్షణాలు తగ్గాక రెండు వారాలకి రక్తం ఇవ్వండి. మిల్లీలీటరుకి 2 నానోగ్రాముల కన్నా ఎక్కువ ఉంటే అండం విడుదలయిందని, ఒంట్లో పనిచేసే అండాశయం ఉందని రుజువు. ఆపరేషన్ సరిగా అయిన కుక్కలో అది ఉండదు. తక్కువ వస్తే మాత్రం అండాశయం లేదని రాసేయొద్దు. ముక్కలో అండం విడుదల కాకుండా నీటిబుడగలా ఉండిపోయినా ఈస్ట్రోజెన్ వస్తుంది, ప్రొజెస్టిరాన్ రాదు. అప్పుడు అండాశయం నుంచి వచ్చే ఏఎంహెచ్ అనే హార్మోను పరీక్ష చేయిస్తే ఎద ఏ దశలో ఉన్నా తెలుస్తుంది, అది కుక్కలకి సరిపడే పద్ధతి ఉన్న ల్యాబ్‌లోనే చేయించాలి.

ల్యాబ్ బల్ల (భీమవరం)

ప్రొజెస్టిరాన్ మనుషుల ల్యాబ్‌లో చేయించుకోవచ్చు, ఆ అణువు మనిషిలోనూ కుక్కలోనూ ఒకటే. కానీ జెల్ ఉన్న పసుపు మూత గొట్టంలో తీయించకండి, జెల్ ఆ హార్మోనుని పీల్చుకుని అంకె తగ్గించి చూపిస్తుంది. మామూలు ఎర్రమూత గొట్టం అడగండి. మూడు మిల్లీలీటర్లు చాలు. గడ్డకట్టాక ఆలస్యం చేయకుండా సీరం వేరుచేసి చల్లగా పంపాలి. కాగితం మీద కొలత నానోగ్రాముల్లో ఉందా నానోమోల్స్‌లో ఉందా చూసుకోండి. మిల్లీలీటరుకి 2 నానోగ్రాములంటే లీటరుకి 6.4 నానోమోల్స్. ఈ తేడా గమనించక లేని ముక్కని ఉందనుకునే ప్రమాదం ఉంది.

లంకగ్రామం పశువైద్యం (కోనసీమ)

ఆపరేషన్ ఎప్పుడు అన్నది కూడా చెప్పాలి. ఎద మంచి ఊపులో ఉన్నప్పుడు రక్తనాళాలు ఉబ్బి ఉంటాయి, కోస్తే రక్తం ఎక్కువ పోతుంది. ఎద తగ్గి ప్రొజెస్టిరాన్ పెరిగిన తర్వాతి రోజులు మంచివి. అండం విడుదలయిన చోట పసుపు నారింజ రంగు బుడిపె పెరుగుతుంది, దాంతో శనగగింజంత ముక్క కూడా కంటికి కనపడేంత అవుతుంది. కుక్కల్లో ఆ బుడిపె సుమారు రెండు నెలలు ఉంటుంది, కాబట్టి పరీక్ష ఫలితం వచ్చాక నెలరోజుల్లో తేదీ పెట్టుకుంటే సరిపోతుంది. ఏ లక్షణం లేని నెలల్లో కోస్తే వెతకడం గాలిలో దీపమే.

కోత పొట్ట మధ్యన, పొడవుగా ఉండాలి. చిన్న కంత నుంచి ఇది దొరకదు. కుడివైపు చిన్నపేగు మొదటి వంకని ఎడమకి తిప్పి పట్టుకుంటే దాని పొర వెనకున్న కుడి కిడ్నీ చుట్టూ అంతా కనిపిస్తుంది. ఎడమవైపు పెద్దపేగుని అలాగే కుడికి తిప్పాలి. ఒకవైపు దొరికింది కదా అని కుట్టేయకూడదు, రెండు వైపులా, కొవ్వుపొరా, గర్భసంచి మొదలూ అన్నీ చూడాలి. అనుమానం ఉన్న కణజాలం చుట్టూ కొంచెం మార్జిన్‌తో తీయాలి. కిడ్నీ నుంచి వచ్చే మూత్రనాళం అక్కడే పోతుంది, దాన్ని వేలితో గుర్తుపట్టాకే ముడి వేయాలి. గర్భసంచి మొదలు ఎక్కువ మిగిలి ఉంటే అదీ తీసేయాలి.

తీసిన ముక్కని పారేయొద్దు. దానికి పదింతల 10 శాతం ఫార్మలిన్‌లో వేసి హిస్టోపాథాలజీకి పంపండి. అండాశయం అని కాగితం మీద వస్తేనే పని పూర్తయినట్టు. ముక్కని ఏళ్ళ తరబడి వదిలేస్తే దాని మీదే గడ్డ పెరిగే ప్రమాదం, గర్భసంచి మొదలుకి చీము పట్టే ప్రమాదం రెండూ ఉన్నాయి. అందుకే "పిల్లలు పుట్టరు కదా, ఉండనీ" అనుకోవద్దని గట్టిగా చెప్తున్నాను.

కాలవగట్టు (పాలకొల్లు దగ్గర)

క్రీములు ఎవరూ వాడటం లేదండి. రక్తం పరీక్షకి తేదీ వేసుకున్నాను. ఈలోపు ఏం జాగ్రత్తలు? ఇక్కడ ఇలాంటి రెండో ఆపరేషన్ ఎక్కడ చేయించుకోవచ్చు?

మూగజీవి వైద్యం (రాజమండ్రి)

ఈ రెండు వారాలు గొలుసు లేకుండా బయటికి వదలకండి. గర్భసంచి లేదు కాబట్టి కడుపు రాదు, కానీ మగకుక్క దాటితే అంటు గడ్డ రావచ్చు, గాయాలు కావచ్చు. గేటు కింద సందులు మూసేయండి, ఎదలో ఉన్నది దూకుతుంది కూడా. పడుకునే చోట పాత పంచె పరిచి రోజూ మార్చండి, చుక్కల రంగు, లెక్క తెలుస్తాయి. చుక్కలు ఎరుపు నుంచి గోధుమ రంగు చీములా మారినా, వాసన వచ్చినా, నీళ్ళు విపరీతంగా తాగుతున్నా, తిండి మానేసినా పరీక్ష తేదీ కోసం చూడొద్దు. గర్భసంచి మొదలుకి చీము పట్టే సమయం సాధారణంగా ఎద అయిన తర్వాతి నాలుగు నుంచి ఎనిమిది వారాలు.

ఆపరేషన్‌కి జిల్లా కేంద్రంలోని పశువైద్య పాలీక్లినిక్‌లో ముందు అడగండి. గ్యాస్ మత్తు, రెండో చెయ్యిగా ఇంకో డాక్టరు ఉన్న చోటు చూసుకోవడం మంచిది, ఎందుకంటే వెతుకులాటకి ఎంతసేపు పడుతుందో ముందే చెప్పలేం. అక్కడ కుదరకపోతే విజయవాడ దగ్గర గన్నవరంలో ఎన్టీఆర్ పశువైద్య కళాశాల ఆస్పత్రి ఉంది, బోధనాసుపత్రి కాబట్టి శస్త్రచికిత్స విభాగం వేరుగా ఉంటుంది. వెళ్ళేటప్పుడు మొదటి ఆపరేషన్ కాగితం, స్మియర్ స్లైడు, ప్రొజెస్టిరాన్ రిపోర్టు మూడూ పట్టుకెళ్ళండి. స్లైడుని అట్టపెట్టెలో దూది మధ్య పెట్టండి, కవర్లో వేస్తే పగిలిపోతుంది. మొదటి ఆపరేషన్ మధ్యన కోసి చేశారా, పక్కనుంచి చేశారా అన్నది కాగితంలో లేకపోతే పాత కుట్ల మచ్చ ఎక్కడుందో ఫోటో తీసి పెట్టుకోండి, ఏ వైపు ముందు వెతకాలో సర్జన్‌కి దాన్నిబట్టి తెలుస్తుంది.